కంప్యూటరు నిద్రలేచే పదకొండు నిమిషాలు

కంప్యూటరు ఎంత ఆలస్యంగా మేలుకుంటే మనిషికి అంత మంచిది!

ఈ మాట అంటున్నది ఎవరో కాదు, కంప్యూటర్లు బాగుచేసి బతికేవాడు. వారానికోసారి ఈ పత్రికలో నాలుగు ముక్కలు రాస్తానన్న మాటే గానీ, మిగతా ఆరు రోజులూ నా చేతిలో ఉండేది స్క్రూడ్రైవరే. నత్తలా లేచే మెషిన్లని లేడిలా లేచేట్టు చేయడం పదహారేళ్ళుగా నా వృత్తి. ఎంత పాపం చేశానో ఈమధ్యే తెలిసొచ్చింది.

మీరే ఆలోచించండి. మీట నొక్కిన నాలుగు సెకన్లకే వెలిగే మెషిను వల్ల బాగుపడిన మనిషిని ఒక్కణ్ణి చూపించండి! ఇదివరకు ఆఫీసుల్లో మీట నొక్కి, కుర్చీ వెనక్కి వాల్చి, పక్కవాడి వైపు తిరిగేవాళ్ళు. పక్కవాడికి మోకాళ్ళ నొప్పులని, వాళ్ళమ్మాయికి పొరుగింటి కుక్కంటే భయమని అప్పుడే తెలిసేది. ఇవాళ పక్కవాడి మోకాళ్ళ సంగతి ఎవరికి తెలుసు? అసలు అతనికి మోకాళ్ళున్నాయని ఎవరికి గుర్తు?

నేనెరిగిన ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఉన్నాడు. ఒకరోజు పై అధికారి మీద ఒళ్ళు మండి, రాజీనామా రాసి మొహాన కొట్టేద్దామని కంప్యూటరు ఆన్ చేశాడు. అది లేవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. మూడో నిమిషంలో అనుకున్న మాటలు కాస్త మెత్తబడ్డాయి. ఆరో నిమిషంలో ఆ అధికారి తల్లికి ఒంట్లో బాగాలేదన్న సంగతి గుర్తొచ్చింది. తొమ్మిదో నిమిషంలో సెలవుచీటీ రాశాడు, అదీ ఒక పూటకి. ఇప్పటికీ ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. అతని కొడుక్కి ఇంకో ఆఫీసులో కొత్త మెషిను ఇచ్చారు, నాలుగు సెకన్లలో లేస్తుంది. ఆ కుర్రాడు ఇప్పటికి మూడు ఉద్యోగాలు మారాడు!

పెళ్ళిళ్ళు రిజిస్టరు చేసే ఒక ఆఫీసులో పధ్నాలుగు నిమిషాల మెషిను ఉండేది. సంతకాలు పెట్టడానికొచ్చిన ఒక జంట అది లేచేలోగా మాటా మాటా అనుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ మర్నాడు విడాకుల కేసుకి పెళ్ళి కాగితం నకలు కోసం వచ్చిన ఇంకో జంట, అదే బెంచీ మీద, అంతే సేపు కూర్చుని, చేతులు పట్టుకుని ఇంటికెళ్ళిపోయారు. ఆ పధ్నాలుగు నిమిషాలూ లేకపోతే రెండు సంసారాలు నాశనమయ్యేవి. ఆ మెషిన్ని బాగుచేసిన ద్రోహిని నేనే.

అసలు కంప్యూటరు నిద్రలేవడమంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట. మీట నొక్కినప్పుడు దానికేమీ తెలియదు. తనకి కీబోర్డుందో లేదో, తెర ఉందో లేదో కూడా తెలియదు. అందుకని బళ్ళో పంతులుగారిలా హాజరు పట్టీ తీస్తుంది. ఆ పట్టీని మేము కాన్ఫిగరేషన్ ఫైలంటాం. అందులో ఒక్కో పరికరానికి ఒక్కో లైను, దాని పక్కన ఎన్ని సెకన్లు ఆగాలన్న అంకె. కీబోర్డూ ఉన్నావా? ఉన్నాను. ప్రింటరూ ఉన్నావా? పలకదు. రాసిన సెకన్లు అయ్యేదాకా మళ్ళీ మళ్ళీ పిలుస్తుంది. అప్పటికీ పలక్కపోతే ‘స్పందన లేదు’ అని తెర మీద చూపించి, కోపగించుకోకుండా తరవాతి పేరుకి వెళ్ళిపోతుంది.

మనిషీ ఇంతే అనుకుంటాను. పొద్దున్న కళ్ళు తెరిచాక ఒకటి రెండు క్షణాలు నేనెవరో నాకు తెలియదు. పైకప్పు ఉంటుంది, వెలుతురు ఉంటుంది, నేను ఉండను. ఎంత హాయి! ఆ తరవాత ఎక్కణ్ణించో హాజరు మొదలవుతుంది. నిన్నటి అవమానమా, ఉన్నాను. రేపటి భయమా, ఉన్నాను. నిజంగా ఉన్న కాళ్ళూ చేతులూ పలికేలోపే, లేనివన్నీ ముందు పలుకుతాయి. తేడా అల్లా ఒక్కటే. పలకనివాళ్ళని వదిలేసి ముందుకెళ్ళడం మెషినుకి చేతనవును.

ఇంత వేదాంతం నాకు ఎలా అబ్బిందో చెప్పాలంటే మా వదిన సంగతి చెప్పాలి.

మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన, వాళ్ళ పిల్లలిద్దరు, ఒంటరి పీనుగుని నేను. వదిన ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. పొద్దున్న ఏడింటికి తలుపు తీసేది ఆవిడే. అప్పటికే పరగడుపున వచ్చినవాళ్ళు బయట మెట్ల మీద కూర్చుని ఉంటారు. కంప్యూటరు లేచి, సీసాల మీద అంటించే లేబుళ్ళు ముద్రిస్తే తప్ప పని మొదలవదు.

ఒక శనివారం ల్యాబు మేనేజరు నాకు ఫోన్ చేశాడు. అంకె పక్కన నార్మల్ రేంజి వేసి లేని కాగితమేదీ ఆయన చదవడు, అలాంటి మనిషి. మెషిను లేవడానికి పదకొండు నిమిషాలు పడుతోందని, జనం ఖాళీ కడుపులతో గోడలు చూస్తున్నారని, ఒక పెద్దమనిషైతే గోడ మీదున్న కాలేయం బొమ్మకి కూడా ఆకలేస్తున్నట్టుందన్నాడని చెప్పాడు. చివరికి గొంతు తగ్గించి ఒక మాటన్నాడు.

“ఎవరైనా సెట్టింగులు కెలికారనిపిస్తే నాకు చెప్పు. ఆ మనిషిని ఆ రోజే పంపించేస్తాను. మీ వదినైనా సరే.”

నేను నవ్వాను. వదిన సెట్టింగులు కెలకడమేమిటి! ఆవిడకి రిమోట్లో బ్యాటరీ మార్చేది నేను. అంటే, మార్చమని ఆవిడ అడిగినప్పుడు తరవాత చూద్దామనేది నేను.

ఆదివారం ల్యాబుకి సెలవు. మేనేజరు తాళం తీసి వెళ్ళిపోయాడు. ఒక్కణ్ణే కూర్చుని మీట నొక్కి, గడియారం చూశాను. సరిగ్గా పదకొండు నిమిషాలు. అందులో మెషిను నిజంగా పని చేసింది ఒక్క నిమిషం. మిగతా పదీ ఎవరి కోసమో ఆగుతోంది. ఫైలు తెరిచాను.

మొదటి లైను పాత ప్రింటరు, ముప్పై సెకన్లు. అది నిజమైనదే. నాలుగేళ్ళ కిందట నేనే పీకేశాను, లైను తీయడం మరిచిపోయాను. నా బద్ధకం నాకు కొత్తేమీ కాదు గనక కిందికి వెళ్ళాను.

రెండో పరికరం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో అత్తయ్య అని ఉంది. తొంభై సెకన్లు.

ఆ కింద మామయ్య, అరవై. ఆయన, నూట ఇరవై. పెద్దది, అరవై. చిన్నవాడు, అరవై.

చివరి పేరు మరిది. నూట ఎనభై సెకన్లు!

పాఠకులారా, ముందు నాకొచ్చింది కోపం కాదు, ఆశ్చర్యం కాదు, పౌరుషం. మూడు నిమిషాలా? కట్టుకున్నవాడికి రెండు, నాకు మూడా? మా అమ్మ కంటే రెట్టింపా? ఆ ఖాళీ ల్యాబులో, కాలేయం బొమ్మ ముందు కూర్చుని, ఆ అంకెని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మన గురించి ఇంకొకరు మనసులో వేసుకున్న అంకె కళ్ళారా చూసే అవకాశం ఎంతమందికి వస్తుంది? నాకొచ్చింది. ఎవరికీ రాకూడదు.

ఆవిడకి ఈ విద్య ఎలా వచ్చిందన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు వెంటనే దొరికింది, దొరక్కుండా ఉంటే బాగుండేది. రాత్రి భోజనాల దగ్గర నా వృత్తి ప్రతాపం చెప్పుకోవడం నాకలవాటు. లేని పరికరం పేరు రాస్తే మెషిను పిచ్చిదానిలా వెతుకుతుందని, ఎన్ని సెకన్లు రాస్తే అన్ని సెకన్లు ఆగుతుందని, చేతులు తిప్పుతూ చెప్పాను. అన్నయ్య ఫోను చూసుకుంటున్నాడు. నాన్నకి వినబడదు. ఎవరూ వినడం లేదనే అనుకున్నాను. వడ్డిస్తున్న మనిషిని నేను లెక్కలోకి తీసుకోలేదు. ల్యాబు మెషిను పాస్‌వర్డు మరిచిపోతానని కీబోర్డు అడుగున చీటీ అంటించిన మేధావినీ నేనే.

ఏమీ ముట్టుకోకుండా ఇంటికొచ్చేశాను. సోమవారం పొద్దున్న ఏడింటికి, వదిన వెనకాలే వెళ్ళి, ఒంట్లో బాగోని మొహం పెట్టుకుని, ల్యాబులో రోగుల కుర్చీలో కూర్చున్నాను.

వదిన ఆ పొద్దుటికి ఏమేం చేసి వచ్చిందో నాకు తెలుసు, ఆ ఇంట్లోనే ఉన్నాను గనక. అయిదింటికి లేచింది. మా ఇల్లు కంప్యూటరులా ఒక్కొక్క పేరే పిలవదు, అందరూ ఒక్కసారే పలుకుతారు. అమ్మకి వేడినీళ్ళు. నాన్నకి మాత్ర, మాత్రతో పాటు అది నిన్నటిది కాదన్న హామీ. పెద్దదానికి జడ, జడ మధ్యలో చిన్నవాడి రెండో బూటు. అన్నయ్యకి చొక్కా, ఆ చొక్కా కాదు. గేటు వేసి నాలుగడుగులు వేశాక కిటికీలోంచి ఒక కేక. ఆ కేక నాది.

ల్యాబు తలుపు తీసింది. ఒక ముసలాయన చేతులు వణకడం చూసి, ఆయన్ని ముందు లోపలికి పిలిచి, చీటీ మీద చేత్తో పేరు రాసి, రక్తం తీసి, వెళ్ళి ఏమైనా తినమని పంపించేసింది. మెట్ల మీది తక్కిన నలుగురూ లోపలికొచ్చి సర్దుకుంటున్నారు. అప్పుడు మీట నొక్కింది. కుర్చీ లాక్కుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

అంతే. ఫోను తీయలేదు. పుస్తకం తీయలేదు. కళ్ళు కూడా మూసుకోలేదు. ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. చూడకపోవడం కాదు, మా ఇంట్లో ఆ మొహం ఉండదు. ఇంట్లో ఆవిడకి ఉన్నది ‘ఆఁ, వస్తున్నా’ అనే మొహం ఒక్కటే.

తెర మీద పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. అత్తయ్య, వెతుకుతున్నాం. అత్తయ్య, స్పందన లేదు. వదిన తల కొద్దిగా ఊపింది. ఆయన, వెతుకుతున్నాం. రెండు నిమిషాలు వెతికారు. ఆయన లేరు. పెద్దది లేదు, చిన్నవాడు లేడు. చివరికి నా పేరొచ్చింది. ఇంక ఉండబట్టలేక కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకున్నాను.

“ఎన్నాళ్ళనుంచి వదినా?”

ఆవిడ ఉలిక్కిపడలేదు. తెర వైపే చూస్తూ, “చూశావా ఫైలు?” అంది. “నాలుగేళ్ళు. నువ్వు ప్రింటరు తీసేశాక అరనిమిషం ఆగేది. ఆ అరనిమిషం నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. బాగుందనిపించింది. తరవాత ఒక్కొక్క పేరే చేర్చుకుంటూ వచ్చాను.”

“ఈ పదకొండు నిమిషాలూ ఏం చేస్తావు?”

“ఏమీ చేయను.”

“ఏమీ చేయకుండా ఏం చేస్తావు?”

“అదే చేస్తాను.”

మనస్తత్వశాస్త్రం పుస్తకాలు అల్మరా నిండా చదివినవాణ్ణి. ఈ జవాబుకి వాటిల్లో ఏమీ దొరకలేదు. అందుకని అసలు సంగతి అడిగాను.

“నాకెందుకు మూడు నిమిషాలు?”

అప్పుడు నా వైపు తిరిగింది. కోపం లేదు. ఒక రిపోర్టు చదివి వినిపించినట్టు చెప్పింది. “మిగతావాళ్ళు ఏదో ఒకటి కావాలని పిలుస్తారు. నువ్వు పిలుస్తావు, నేను చేతిలో పని వదిలేసి వస్తాను, వచ్చేసరికి దొరికిందంటావు. రోజూ. వెళ్ళడానికొకటి, రావడానికొకటి, ఏం వదిలేసి వచ్చానో గుర్తు తెచ్చుకోవడానికొకటి. తక్కువే వేశాను.”



“ఇక్కడ ఒక్కొక్కళ్ళనీ పిలుస్తుంది. ఎవరూ లేరంటుంది. సరేలే అని ముందుకెళ్ళిపోతుంది. ఆ మాట చూడ్డం బాగుంటుందోయ్,” అంది. “మేనేజరుకి చెప్తావా?” అని అడిగింది. గొంతు మామూలుగానే ఉంది గానీ, ఒళ్ళో చేతులు విడివడ్డాయి.

“చెబితే ఉద్యోగం పోతుంది.”

“తెలుసు. లైన్లు తీసేసినా అంతే కదా, నాకు.”

నేను ఇంకేదో అనబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. “నీ మూడు నిమిషాలూ నువ్వే తినేస్తున్నావు. కూర్చుంటే కూర్చో, మాట్లాడకు.”

కూర్చున్నాను. ఆవిడకి అడుగు దూరంలో, నేనూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద ‘మరిది, స్పందన లేదు’ అని వచ్చింది. వదిన లేచి, లేబుళ్ళ చుట్ట సర్దుకుని, మొదటి మనిషిని పేరు పెట్టి పిలిచింది.

బయట వీధిలో ఒక పాత స్కూటరు మీద చాలాసేపు కూర్చున్నాను. ఒక పక్క ఖాళీ కడుపులు, ఇంకో పక్క వదిన ఉద్యోగం. న్యాయంగా చూస్తే ఆ ఆరుగురి పేర్లూ తీసేయాల్సిందే. కానీ మిగతా అయిదుగురి లైన్లు తీయడానికి నేనెవర్ని? నా చేతిలో ఉన్నది ఒక్క లైనే.

ఆ సాయంత్రం ల్యాబు మూసే వేళకి వెళ్ళి వదినకి చెప్పాను, నా పేరు తీసేస్తానని. “అయితే ఆ మూడు నిమిషాలూ ఇంట్లో ఇస్తావా?” అంది. ఇస్తానన్నాను. “చూద్దాం,” అంది. పదహారేళ్ళ సర్వీసులో ఇంత కష్టమైన వారంటీ నేను ఎవరికీ రాసివ్వలేదు.

మర్నాడు మేనేజరుకి గంభీరంగా విన్నవించుకున్నాను. అసాధ్యమైన పని సాధించి, మూడు నిమిషాలు తగ్గించానన్నాను. ఎవరు కెలికారని అడిగాడు. మన మెషిను చుట్టుపక్కల వాటివల్ల బాగా అలిసిపోయి ఉందని చెప్పాను. మిగతా ఎనిమిది నిమిషాల మాటేమిటన్నాడు.

“అవి ఇక్కడ కూర్చుని తగ్గించేవి కావు సార్. ఆ భాగాలు వేరేచోట ఉన్నాయి.”

“తెప్పించు మరి.”

“అడుగుతున్నాను సార్. వాటంతట అవే కదలాలి.”

ఇక ఇంట్లో నా ప్రయోగం. తొలిరోజు స్నానానికి వెళ్తూ నోరు తెరిచాను. ‘వ’ అన్న అక్షరం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తువ్వాలు ఎక్కడుంది? పద్ధెనిమిదేళ్ళుగా ఉన్న మేకుకే ఉంది! మేకు నా కంటికి ఎదురుగా ఉంది! ఆ తువ్వాలు పట్టుకుని నిలబడితే, ఇన్నేళ్ళూ నేను వెతికింది తువ్వాలు కాదేమో, పిలిస్తే ఒక మనిషి వస్తుందన్న నమ్మకమేమోననిపించింది. చిన్నపిల్లలు చీకట్లో అమ్మని పిలిచినట్టు. తేడా ఏమిటంటే నాకు నలభై రెండేళ్ళు, అది పట్టపగలు.

వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నేను పిలవకపోయినా వచ్చింది.

“ఏం కావాలి?”

“ఏమీ వద్దు.”

“దొరికిందా?”

“అడగలేదు కదా.”

నమ్మలేదు. కొత్త పరికరం తగిలిన మెషినులా నన్నే చూస్తూ కాసేపు ఆగింది. తరవాత లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో కుర్చీ లాగిన చప్పుడు వినబడింది. ఆ వేళప్పుడు ఆ గదిలో కుర్చీ లాగగా నేను వినడం అదే మొదలు.

ఇప్పటికి నాలుగు వారాలు. ల్యాబులో మెషిను ఎనిమిది నిమిషాల దగ్గర ఆగి ఉంది. దాన్ని ఒక్క నిమిషానికి తెచ్చే సాంకేతిక పరిజ్ఞానం నా దగ్గరుంది. కాకపోతే ముందు మా అమ్మ నీళ్ళు తనే తోడుకోవాలి. చిన్నవాడు రెండు బూట్లూ ఒకేచోట విప్పాలి. చెప్పి చూశాను. నాన్నకి వినబడలేదు, అమ్మ విననట్టుంది.

ఈ వ్యాసం పత్రికకి పంపించమంటావా అని వదిననే అడిగాను. మేనేజరు చూస్తాడేమోనని భయపడ్డాను కూడా. “రాసుకో. నువ్వు రాసేవి ఎవరు చదువుతారు?” అంది. అది ధైర్యమో, విమర్శో నేను తేల్చుకోలేదు.

పంపేముందు అన్నయ్యకి చూపించాను. వరండాలో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. డ్రాఫ్ట్స్‌మన్ దగ్గర నవ్వాడు. కాలేయం దగ్గర నవ్వాడు. తన రెండు నిమిషాల దగ్గరికొచ్చేసరికి ఆ లైను రెండుసార్లు చదివాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తగిలింది అనుకున్నాను. ఈ వారంలో రెండు నిమిషాలు తగ్గుతాయని మేనేజరుకి చెప్పేయొచ్చనుకున్నాను.

లోపల కుర్చీ లాగిన చప్పుడైంది. వదిన అప్పుడే కూర్చుంది.

“నిజమేరా,” అన్నాడు అన్నయ్య. “పాపం, దాన్ని క్షణం కూర్చోనివ్వం.” కళ్ళద్దాలు పెట్టుకుని, వంటింటి వైపు తిరిగి, ఎంతో ప్రేమగా కేకేశాడు.

“ఏమోయ్, చేతిలో పనలా పడేసి ఒకసారి ఇలా రా! నీ గురించి వీడెంత బాగా రాశాడో చూద్దువుగాని!”